జీతం పీహెచ్‌సీలో, పని జిల్లా ఆస్పత్రిలో

ఒక ల్యాబ్ టెక్నీషియన్ ఉన్నాడనుకుందాం. పోస్టు ఏజెన్సీ మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అంటే పీహెచ్‌సీలో, జీతం బిల్లు వెళ్లేదీ అక్కడి నుంచే. మనిషి మాత్రం మూడేళ్లుగా జిల్లా ఆస్పత్రి ల్యాబ్‌లో డిప్యుటేషన్ మీద ఉన్నాడు. అక్కడ పని ఎక్కువ, మనుషులు తక్కువ అని అప్పట్లో ఒక అధికారి ఒక పేజీ మెమో ఇచ్చారు, "తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు" అని అందులో రాశారు, ఆ తదుపరి ఉత్తర్వులు ఇప్పటికీ రాలేదు, ఆ మెమో ఇచ్చిన అధికారి ఈలోగా బదిలీ అయి వెళ్లిపోయారు కూడా. ఇప్పుడు రాజధానిలో ఒకరు కంప్యూటర్ ముందు కూర్చుని ఆ పీహెచ్‌సీలో ల్యాబ్ టెక్నీషియన్ ఉన్నాడా అని చూస్తే 'ఉన్నాడు' అని వస్తుంది. జిల్లా ఆస్పత్రిలో ఆ పోస్టు ఖాళీగా ఉందా అని చూస్తే 'ఖాళీ' అని వస్తుంది. కాగితం ప్రకారం రెండూ నిజమే. చలిజ్వరంతో మలేరియా పరీక్షకని కొండ దిగి వచ్చిన మనిషికి మాత్రం ల్యాబ్ తలుపుకు తాళం కనిపిస్తుంది.

సర్కారు వైద్యశాఖలో సిబ్బంది లెక్క ఎప్పుడూ తేలకపోవడానికి కారణం కంప్యూటర్లు లేకపోవడం కాదు. కావాల్సినన్ని ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 నుంచి సర్కారు చెల్లింపులు చూసే సీఎఫ్‌ఎంఎస్ నడుస్తోంది, తెలంగాణలో అలాంటిదే ఐఎఫ్‌ఎంఐఎస్ ఉంది, వీటి పక్కన ఉద్యోగుల రికార్డులు చూసే హెచ్‌ఆర్‌ఎంఎస్‌లు, హాజరు యాప్‌లు, జాతీయ ఆరోగ్య మిషన్ (ఎన్‌హెచ్‌ఎం) వాళ్ల సొంత పోర్టళ్లు. కాకపోతే ఇందులో చాలావరకు ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడానికి పుట్టాయి: ఈ నెల ఈయనకు ఎంత ఇవ్వాలి? ఆ తర్వాత వచ్చినవి రెండో ప్రశ్న పట్టుకున్నాయి: ఈయన ఇవాళ వచ్చాడా, ఎగ్గొట్టాడా? 'ఈ ఊరి ఆస్పత్రిలో ఈ పని చేయగలిగిన మనిషి ఇవాళ ఉన్నాడా' అనే మూడో ప్రశ్న ఎవరి ఫైలూ కాదు. రోగికి కావాల్సింది ఆ మూడోదే.

అసలు 'వైద్యశాఖ' అని ఒక్కమాటలో అనేస్తాం గానీ అది ఒక ఇల్లు కాదు, ఒకే ప్రహరీలో నాలుగు కాపురాలు. పీహెచ్‌సీలు, సబ్‌సెంటర్లు ప్రజారోగ్య సంచాలకుల కింద. బోధనాస్పత్రులు వైద్య విద్య సంచాలకుల (డీఎంఈ) కింద. మధ్యలో ఉన్న సీహెచ్‌సీలు (సామాజిక ఆరోగ్య కేంద్రాలు), ఏరియా ఆస్పత్రులు, జిల్లా ఆస్పత్రుల కోసం 1986లో చట్టం చేసి వైద్య విధాన పరిషత్ పెట్టారు. ఈ పరిషత్ ఉద్యోగులకు జీతం నేరుగా ట్రెజరీలో ఉద్యోగుల జీతాలకు ఉండే 010 పద్దు నుంచి కాకుండా గ్రాంటు రూపంలో వచ్చేది, అందుకే పక్క బిల్డింగ్‌లో ఉన్నవాళ్లకు ఒకటో తారీకు పడితే వీళ్లు గ్రాంటు విడుదలయ్యేదాకా ఎదురుచూసేవాళ్లు, '010 కింద జీతాలివ్వాలి' అన్నది రెండు రాష్ట్రాల్లోనూ ఏళ్ల తరబడి నడిచిన డిమాండు. నాలుగో కాపురం జాతీయ ఆరోగ్య మిషన్ కాంట్రాక్టు వాళ్లది. ఏటా రెన్యూవల్, వేరే బడ్జెట్, వేరే లిస్టు. వీళ్లు చాలక ఔట్‌సోర్సింగ్ సిబ్బంది. వాళ్లను పెట్టే కాంట్రాక్టు ఏజెన్సీల గొడవ పడలేక ఆంధ్రప్రదేశ్ 2020లో ఆప్కాస్ అని ఒక కార్పొరేషనే పెట్టి వాళ్ల జీతాలను అందులోకి తెచ్చింది. ఇక ఆశా కార్యకర్త సంగతి చెప్పనే అక్కర్లేదు, వెయ్యి మంది జనాభాకు ఒకరని 2005లో మొదలైన పథకం, ఊళ్లో గర్భిణి పేరు దగ్గర్నుంచి టీబీ మందు దాకా అన్నీ ఆమెకే తెలుసు, సర్కారు సిబ్బంది లెక్కలో మాత్రం ఆమె ఉద్యోగే కాదు, ఇచ్చేది గౌరవ వేతనం. ఒక సీహెచ్‌సీలో ఉదయం ఎనిమిదింటికి డ్యూటీలో ఉన్న పదిమందిని వరుసగా నిలబెడితే వాళ్ల పేర్లు నాలుగైదు వేర్వేరు డేటాబేసుల్లో దొరుకుతాయి. ఆ పదిమందీ కలిసి ఒక్కచోట కనిపించే స్క్రీన్ దొరకడం కష్టం.

ఇది చాలదన్నట్టు కొన్ని చోట్ల ఆస్పత్రే కాపురం మారుతుంది. తెలంగాణలో 2022లో 8, 2023లో 9, 2024లో 8 సర్కారు మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో ఐదు వచ్చాయి. కాలేజీ వచ్చిందంటే అప్పటిదాకా పరిషత్ కింద ఉన్న జిల్లా ఆస్పత్రి బోధనాస్పత్రి అయి డీఎంఈ కిందకు వెళ్లాలి. బోర్డు మార్చడం ఒక రోజు పని. మనుషుల్ని మార్చడం అంత తేలిక కాదు. పరిషత్ నర్సు సీనియారిటీ ఒక జాబితాలో, డీఎంఈ నర్సు సీనియారిటీ ఇంకో జాబితాలో. ఇద్దరూ ఒకే వార్డులో ఒకే నైట్ డ్యూటీ చేస్తారు, ప్రమోషన్ ఎవరికి ముందు అంటే మాత్రం జవాబు వేర్వేరు ఆఫీసుల్లో ఉంటుంది. కొత్త కాలేజీ వార్త రాసేవాళ్లు సీట్లెన్ని అని రాస్తారు. ఆ ఆస్పత్రిలో పాత ఫార్మసిస్టు ఏమయ్యాడని ఎవరూ రాయరు.

ఇప్పుడు ఒక సర్వీస్ రిజిస్టర్ తెరుద్దాం. అట్ట చిరిగి, మధ్యలో ట్యాగుతో కట్టిన పుస్తకం. మొదటి పేజీలో పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ, ఎత్తు, పుట్టుమచ్చలు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎడమచేతి వేలిముద్రలు. లోపల ఇంక్రిమెంట్లు, సెలవులు, బదిలీలు, 'సర్వీస్ వెరిఫై చేయబడినది' అని ఏడాదికో ముద్ర, ఆ ముద్ర కొన్ని ఏళ్లకు ఉండదు. ఈ పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం అంటే స్కాన్ చేయడం అనుకుంటారు చాలామంది. అసలు తంటా పేరు దగ్గరే మొదలవుతుంది. రిజిస్టర్‌లో 'సీహెచ్. వెంకటలక్ష్మి'. ఆధార్‌లో 'చింతల వెంకట లక్ష్మి'. నర్సింగ్ కౌన్సిల్ సర్టిఫికెట్‌లో పెళ్లికి ముందు ఇంటిపేరు, బ్యాంకులో పెళ్లి తర్వాతది. సాఫ్ట్‌వేర్ ఏమో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లు చూపిస్తుంది, ఇంటిపేరు ముందుండే మన పేర్లను ఆ గళ్లలో ఒక్కో ఆపరేటర్ ఒక్కో రకంగా కొడతాడు. ఫలితంగా ఒకే మనిషి నాలుగుచోట్ల నాలుగు పేర్లతో నలుగురవుతుంది. ఆమెకు పెన్షన్ ఖాతా నంబరు ఒకటి, ట్రెజరీ నంబరు ఒకటి, సీఎఫ్‌ఎంఎస్ నంబరు ఒకటి, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఒకటి, వీటన్నిటినీ ఒక దారంతో గుచ్చే పని ఎవరికీ అప్పజెప్పలేదు. రిటైరయ్యే ఏడాదిలో పెన్షన్ ప్రతిపాదన పంపేటప్పుడు గానీ ఈ తేడాలు బయటపడవు, అప్పటికి ఆ ఎంట్రీ చేసిన గుమాస్తా ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

జిల్లా గడి కూడా ఇలాంటిదే. 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి మన దగ్గర ఉద్యోగమంటే లోకల్ కేడర్‌తో (ఏ ప్రాంతం ఉద్యోగుల జాబితాలో పేరుందన్న దానితో) ముడిపడిన వ్యవహారం: జిల్లా పోస్టు, జోనల్ పోస్టు, ఇప్పుడు తెలంగాణలో మల్టీ జోనల్ కూడా. ఆంధ్రప్రదేశ్ 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలను 26 చేసినప్పుడు పాలన కొత్త జిల్లాల్లోకి వెళ్లింది గానీ కేడర్ మాత్రం పాత జిల్లా లెక్కనే ఉండిపోయింది. అంటే బాపట్లలో పనిచేస్తున్న ఏఎన్‌ఎంకు (సబ్‌సెంటర్ నర్సుకు) రోజూ రిపోర్టు అడిగే డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్యాధికారి) ఒకరు, సీనియారిటీ లెక్క పాత గుంటూరుదో ప్రకాశందో. డేటాబేసులో 'జిల్లా' అని ఒకే గడి పెట్టిన మహానుభావుడికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు కాబోలు, పనిచేసే జిల్లా కొడితే సీనియారిటీ చెడుతుంది, కేడర్ జిల్లా కొడితే రిపోర్టు చెడుతుంది. తెలంగాణలో 33 జిల్లాలకూ 7 జోన్లకూ 2 మల్టీ జోన్లకూ ఉద్యోగుల్ని పంచడానికి 2021 డిసెంబరు 6న జీవో 317 ఇచ్చారు. ఆ పంపకానికి ఆధారం సీనియారిటీ జాబితా. ఏళ్ల తరబడి సరిచేయని జాబితాలు వారాల్లో తేల్చాల్సి వచ్చేసరికి అభ్యంతరాలు, స్పౌజ్ కేసులు (భార్యాభర్తలు చెరోచోట పడినవి), ధర్నాలు, కోర్టులు. ఆ జీవో మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. అంత గొడవలో కొంత భాగం కేవలం పాత రికార్డు సరిగా లేకపోవడం వల్ల వచ్చిందే, దీని గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

హాజరు విషయానికొస్తే, సర్కారుకు దీనిమీద ఉన్నంత మోజు ఇంకో దానిమీద లేదు. ఆంధ్రప్రదేశ్ 2023 జనవరిలో ఉద్యోగులందరికీ ముఖ హాజరు తెచ్చింది. ఆఫీసులో కుర్చీ ఉన్నవాళ్లకు సరే. సబ్‌సెంటర్ ఏఎన్‌ఎం పొద్దున్నే పక్క ఊరికి టీకాలకు పోవాలి, వ్యాక్సిన్ క్యారియర్ భుజానికి తగిలించుకుని ఫోన్‌ను మొహానికి ఎత్తి పట్టుకుంటే సిగ్నల్ లేదంటుంది, సిగ్నల్ దొరికిన చోట లొకేషన్ సరికాదంటుంది. ఆ టెన్షన్ అంతా పడ్డాక రికార్డయ్యేది ఆమె మొహం, టైము. ఎన్ని టీకాలు వేసింది అన్నది ఇంకో యాప్ సంగతి, ఆ యాప్‌లో ఆమె లాగిన్ పాత సబ్‌సెంటర్‌కు మ్యాప్ అయి ఉంటుంది. బదిలీ అయిన మొదటి నెల ఆమె పని పాత ఊరి ఖాతాలో పడుతుంటే కొత్త ఊరి పర్ఫార్మెన్స్ సున్నా చూపిస్తుంది, రివ్యూ మీటింగ్‌లో తిట్లు పడేది ఆమెకే. జాయినింగ్ రిపోర్టు ఒక్కచోట ఎక్కితే మిగతా యాప్‌లన్నీ వాటంతట అవే మారాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. మారవు. ఒక్కోదానికి జిల్లాలో ఒక్కో ప్రోగ్రాం ఆఫీసర్, ఒక్కో డేటా ఎంట్రీ ఆపరేటర్, ఒక్కో వాట్సాప్ గ్రూపు.

హాజరు పెట్టడం తప్పని కాదు. మెడికల్ కాలేజీల్లో దాని అవసరం ఎంతో కొందరికి బాగా తెలుసు. ఇన్‌స్పెక్షన్ రోజున వేరే కాలేజీ ప్రొఫెసర్లను తెచ్చి కూర్చోబెట్టడం దేశమంతా ఉన్న పాత విద్య. ప్రైవేటు వాళ్లు చేస్తే ఘోస్ట్ ఫ్యాకల్టీ అన్నారు, సర్కారు చేస్తే 'తాత్కాలిక బదిలీ' అన్నారు. జాతీయ వైద్య కమిషన్ 75 శాతం హాజరు తప్పనిసరి చేసి, ఆధార్ బయోమెట్రిక్ పెట్టి, 2025 మే నుంచి దాన్ని ముఖ హాజరుకు మార్చాక ఆ విద్యకు కొంత కళ్లెం పడింది. ఎందుకంటే అక్కడ హాజరు ఒక పోస్టుకు ముడిపడి ఉంది: ఈ కాలేజీ, ఈ డిపార్ట్‌మెంటు, ఈ హోదా, ఈ మనిషి. అదే హాజరు యంత్రాన్ని పోస్టుతో సంబంధం లేకుండా తగిలిస్తే, డిప్యుటేషన్ మీద ఉన్న మన ల్యాబ్ టెక్నీషియన్ జిల్లా ఆస్పత్రిలో నూటికి నూరు శాతం హాజరుతో మెరిసిపోతాడు. పీహెచ్‌సీ ల్యాబ్ మాత్రం తాళంతోనే ఉంటుంది.

ఖాళీల లెక్కలో ఉన్న మాయ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మూడు అంకెలున్నాయి: నిబంధనల ప్రకారం ఎంతమంది కావాలి, సర్కారు ఎన్ని పోస్టులు మంజూరు చేసింది, వాటిలో ఎందరు పనిలో ఉన్నారు. కేంద్రం ప్రకటించిన గ్రామీణ ఆరోగ్య గణాంకాల్లో 2021-22లో సీహెచ్‌సీ స్పెషలిస్టుల కొరత 79.5 శాతం అని వచ్చింది. అది మొదటి అంకెకూ మూడో అంకెకూ మధ్య తేడా. రాష్ట్రాలు 'ఖాళీలు' అని చెప్పేది రెండోదానికీ మూడోదానికీ మధ్య తేడా. పోస్టే మంజూరు చేయకపోతే ఖాళీ ఉండదు! అందుకే ఒక రాష్ట్రం ఖాళీలు దాదాపు లేవని ప్రకటించగలదు, అదే రోజు అదే రాష్ట్రంలో సిజేరియన్‌కు మత్తు డాక్టర్ లేడని గర్భిణిని ఇంకో ఆస్పత్రికి పంపొచ్చు, రెండిటికీ వైరుధ్యం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019-24 మధ్య ప్రభుత్వం 'జీరో వేకెన్సీ' అని గట్టిగా చెప్పుకుంది. నియామకాలు జరిగిన మాట నిజం, దానిని తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఆ సున్నా దేనిలోంచి దేన్ని తీసివేస్తే వచ్చిందో అడగాల్సింది అక్కడ.

దేశం మొత్తానిదీ ఇదే కథ. కౌన్సిళ్ల రిజిస్టర్లలో పేరెక్కడమే గానీ దిగడం ఉండదు, చనిపోయినవాళ్లు, గల్ఫ్‌కో లండన్‌కో వెళ్లిపోయిన నర్సులు, పెళ్లయ్యాక ఉద్యోగం మానేసినవాళ్లు అందరూ అందులో ఉంటారు. 2021లో వచ్చిన ఒక అధ్యయనం ఈ రిజిస్టర్ల లెక్కనూ జాతీయ నమూనా సర్వేనూ పక్కపక్కన పెట్టి చూసింది. రిజిస్టర్ల ప్రకారం పదివేల మందికి 17.7 మంది నర్సులు, మంత్రసానులు ఉండాలి. నిజంగా పనిలో ఉండి తగిన అర్హత ఉన్నవాళ్లు దాంట్లో మూడోవంతు పైచిలుకు, దగ్గరదగ్గర 6. ఇంత తేడా ఉన్న అంకె మీద కొత్త నర్సింగ్ కాలేజీలు ఎన్ని కావాలో లెక్కలు వేస్తున్నారు.

సాఫ్ట్‌వేర్ మారిస్తే అన్నీ సర్దుకుంటాయనే వాళ్లు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ సంగతి ఒకసారి వినాలి. అక్కడి ఆరోగ్యశాఖ 2010 మార్చిలో కొత్త జీతాల వ్యవస్థ మొదలుపెట్టింది. సుమారు 80 వేల మంది సిబ్బంది, షిఫ్టులు, నైట్లు, ఓవర్‌టైములు, రకరకాల ఒప్పందాలు కలిపి జీతం లెక్కకట్టే తీరులే 24 వేల దాకా ఉన్నాయి. సరిగా పరీక్షించకుండా బటన్ నొక్కారు. కొందరు నర్సులకు జీతమే పడలేదు, కొందరికి ఎక్కువ పడి తర్వాత తిరిగి కట్టమన్నారు. దాన్ని సరిచేసి నడపడానికి 120 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు అవుతుందని తేలింది, 2013లో విచారణ కమిషన్ తీవ్రంగా తప్పుబట్టింది. ఆస్పత్రి సిబ్బంది లెక్క బడిపంతుళ్ల లెక్కలా ఉండదు, రోజుకు మూడు షిఫ్టులు, ఆదివారం సెలవు లేని శాఖ ఇది, నియమాలు సులువు చేయకుండా వాటినే కంప్యూటర్‌లో పోస్తే కంప్యూటరే మునుగుతుంది.

ఇంగ్లండ్, వేల్స్ మాత్రం ఒక పని బాగానే చేశాయి. అక్కడి ఎన్‌హెచ్‌ఎస్‌లో పది లక్షలకు పైగా ఉన్న సిబ్బంది రికార్డు, జీతం ఒకే వ్యవస్థలో నడుస్తాయి, 2008 నాటికి అది దాదాపు అన్నిచోట్లా వచ్చేసింది. దాని కీలకం చాలా చిన్నది: ముందు పోస్టును సృష్టిస్తారు, ఆ పోస్టుకు ఒక నంబరు, ఆ తర్వాతే మనిషిని అందులో కూర్చోబెడతారు. మనిషి లేచి వెళ్లినా కుర్చీ అలాగే స్క్రీన్ మీద ఉంటుంది, ఖాళీ అని అరుస్తూ. ఆ వ్యవస్థ పాతదైపోయిందని కొత్తది కట్టే కాంట్రాక్టు 2025లో ఇన్ఫోసిస్‌కు ఇచ్చారు. లండన్ నర్సు రికార్డు బెంగళూరు కంపెనీ చేతిలోకి వెళ్తోంది, మన డీఎంహెచ్‌ఓ ఆఫీసులో ఖాళీల జాబితా మాత్రం 'ఫైనల్_ఫైనల్_2' అనే ఎక్సెల్ ఫైలు పేరుతో పెన్‌డ్రైవ్‌లో తిరుగుతోంది. డబ్బు లేదనడానికీ లేదు, ఐహెచ్‌ఆర్‌ఐఎస్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను ఆఫ్రికా దేశాలు ఎన్నో వాడాయి, మన బిహార్, జార్ఖండ్ కూడా ప్రయత్నించాయి.

నిజానికి మన జిల్లాల్లో సరైన హెచ్‌ఆర్‌ఎంఎస్ ఒకటి పనిచేస్తూనే ఉంది. ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు చూసే సీనియర్ అసిస్టెంట్ అది. ఎవరు ఎక్కడ పోస్టింగ్, ఎవరు వేరేచోట డ్యూటీ (ఓడీ) మీద ఎక్కడున్నారు, ఏ ఫార్మసిస్టు ఏ నెలలో రిటైరవుతాడు, ఏ ఏఎన్‌ఎం మెటర్నిటీ లీవులో ఉంది, ఎవరి ఇంక్రిమెంట్ ఆగింది, అన్నీ ఆయన పొడవాటి నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో ఉంటాయి. పెన్సిల్ ఎందుకంటే తుడిచి రాయాలి కాబట్టి. కలెక్టర్ మీటింగ్‌కు అరగంట ముందు ఆ నోట్‌బుక్ నుంచే అంకెలు పోతాయి, పోర్టల్ నుంచి కాదు. ఆయన బదిలీ అయితే ఆ డేటాబేసు కూడా ఆయనతో పాటే బస్సెక్కుతుంది.

కాబట్టి చేయాల్సింది ఆ నోట్‌బుక్‌లో ఉన్నదాన్ని వ్యవస్థలోకి తేవడం. ప్రతి పోస్టుకూ చెరగని నంబరు, కాంట్రాక్టు పోస్టుకైనా ఔట్‌సోర్సింగ్ పోస్టుకైనా. మనిషి పక్కన రెండు చోట్లు: జీతం ఎక్కడ, పని ఎక్కడ. కేడర్ జిల్లాకూ పనిచేసే జిల్లాకూ వేర్వేరు గళ్లు. ఉద్యోగి తన రికార్డు తానే ఫోన్‌లో చూసి 'ఇది తప్పు' అని చెప్పే వీలు, రిటైరయ్యే ఏడాదిలో కాకుండా చేరిన మొదటి నెలలోనే. రిటైర్మెంట్లది ఇంకా తేలిక, పుట్టినతేదీ రిజిస్టర్ మొదటి పేజీలోనే ఉంది, వచ్చే ఐదేళ్లలో ఎవరు ఎప్పుడు దిగిపోతారో ఇవాళే తెలుసు, అయినా పోస్టు ఖాళీ అయ్యాక రెండేళ్లకు గానీ నోటిఫికేషన్ రాదు. తెలంగాణ 2021లో రిటైర్మెంట్ వయసును 58 నుంచి 61కి, ఆంధ్రప్రదేశ్ 2022లో 60 నుంచి 62కి పెంచినప్పుడు ఈ లెక్క వేసుకోవడానికి తీరిక కూడా దొరికింది.

అన్నిటికన్నా ముందు పెట్టాల్సింది డిప్యుటేషన్ ఉత్తర్వులో ముగింపు తేదీ గడి. 'తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు' అని కొట్టడానికి వీల్లేకుండా, తేదీ వేయకపోతే ఉత్తర్వు నంబరే పుట్టకుండా, ఆ తేదీ రాగానే మనిషి దానంతట అదే తన సొంత పోస్టులో కనిపించేలా. సాఫ్ట్‌వేర్ కుర్రాడికి ఇది ఒక పూట పని. ఇన్నేళ్లూ ఎందుకు పెట్టలేదో ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు చూసే ఎవరిని అడిగినా చెబుతారు, ఆఫీసులో కాదు, బయట టీకొట్టు దగ్గర, కాస్త గొంతు తగ్గించి.